ఆటగాళ్ళ ఫోనూ, మన నోరూ

పెద్ద పోటీ ఏదొచ్చినా మనవాళ్ళలో ఒక వాదన లేస్తుంది. పతకం వస్తే ఎవరూ ఏమీ అనరు. రాకపోతే మాత్రం "ఆ పిల్ల రోజంతా ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంటుందండీ, ఇంక ఆటేం ఆడుతుంది?" అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరగటం మొదలవుతుంది. అనేవాళ్ళెవరయ్యా అంటే, ఆఫీసులో మీటింగు జరుగుతుండగా బల్ల కింద ఫోను పెట్టుకుని స్కోరు చూసుకునేవాళ్ళే. పోటీలు జరిగినన్నాళ్ళూ ఆటగాళ్ళ ఫోన్లు లాక్కోవాలనీ, వాళ్ళు ట్విట్టర్లో (ఇప్పుడు ఎక్స్ అంటున్నారు) ఏమీ రాయకుండా కట్టడి చెయ్యాలనీ వీరి తీర్పు. దానికి సాక్ష్యంగా ప్రతిసారీ ఒకే కథ చెబుతారు, అదీ మన హైదరాబాదు కథే.

2016 రియో ఒలింపిక్స్ ముందు మూడు నెలల పాటు పి.వి. సింధు దగ్గర ఫోను లేదు. కోచ్ పుల్లెల గోపీచంద్ గారు తీసి పెట్టేశారు. ఆగస్టు 19న ఫైనల్లో కరొలినా మారిన్ మీద ఓడి సింధు వెండి పతకం తెచ్చుకున్నాక ఆయనే ఈ సంగతి విలేకరులకి చెప్పారు. ముందు తన ఫోను తనకిచ్చేస్తాననీ, రియో వచ్చిన దగ్గర్నించీ మాన్పించిన తియ్య పెరుగూ ఐస్‌క్రీమూ ఇక తిననిస్తాననీ అన్నారు. వినటానికి ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ న్యూజెర్సీలో కూడా ఆదివారం పిల్లల్ని బాడ్మింటన్ కోచింగుకి తీసుకెళ్ళే తల్లిదండ్రులు ఈ కథని ఇప్పటికీ పిల్లల మీద ప్రయోగిస్తూనే ఉంటారు.

ఆ కథలో రెండు విషయాలు మాత్రం ఎవరూ చెప్పరు. మొదటిది, అది చిన్నప్పట్నించీ తన దగ్గర ఆట నేర్చుకున్న అమ్మాయికీ, ఆ గురువుకీ మధ్య కుదిరిన ఏర్పాటు. ఏ సమాఖ్యా సర్క్యులర్ పంపలేదు, ఏ మంత్రిగారూ ఆదేశాలివ్వలేదు. నువ్వు ఫలానా విషయం మాట్లాడకూడదు అని ఆమెకెవరూ చెప్పలేదు. రెండోది, సింధు దగ్గర ఫోను లేని ఆ రోజుల్లో ఫోన్లున్న మనం ఏం చేశాం అన్నది. ఆమె పేరు కొట్టి పక్కన "కులం" అని జోడించి గూగుల్లో వెతికాం. అలా వెతకటం ఆ ఫైనల్ రోజుల్లో ఎంత ఎక్కువైపోయిందంటే అదే జాతీయ పత్రికల్లో వార్త అయి కూర్చుంది. ఎక్కువగా వెతికింది రెండు తెలుగు రాష్ట్రాల నించేనని కూడా రాశారు. ప్రపంచమంతా ఆమె స్మాష్ చూస్తుంటే మనం ఆమె ఇంటిపేరు వెనకాల ఏముందో తవ్వుకుంటున్నాం. ఆ మూడు నెలలూ ఆ అమ్మాయి చేతిలో ఫోను లేకపోవటమే నయమైంది.

కాబట్టి ఆటగాడి ఫోను సంగతి తేల్చే ముందు, ఆ ఫోనులోకి అవతలి వైపు నించి ఏమొస్తోందో, ఇవతలి వైపు నించి ఏం బయటికి పోకూడదని ఎవరు ఎందుకు కోరుకుంటున్నారో చూడాలి. ఇవి రెండు వేరు వేరు విషయాలు. సమాఖ్యలవాళ్ళు రెండిటినీ కావాలనే కలిపేసి, "అంతా మీ మంచికే" అంటారు.

ఏకాగ్రత చెడుతుందన్న వాదనలో నిజం లేదని నేననను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా ఈతగత్తె ఎమిలీ సీబోమ్ వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ హీట్స్‌లో ఒలింపిక్ రికార్డు పెట్టింది. జనం పొగడ్తలతో ముంచెత్తారు. ఫైనల్లో రెండో స్థానం వచ్చింది. ట్విట్టర్, ఫేస్‌బుక్‌లలోంచి సరైన వేళకి బయటపడలేకపోయానని ఆమే కంటతడితో చెప్పింది. అదే ఒలింపిక్స్‌లో బ్రిటన్ కుర్రాడు టామ్ డేలీ జంట డైవింగ్‌లో నాలుగో స్థానంలో మిగిలిపోతే, ఏడాది ముందు చనిపోయిన తండ్రిని గుర్తుచేస్తూ ఒకడు అతన్ని తిట్టాడు. పోలీసులు పట్టుకుంటే వాడికి పదిహేడేళ్ళు. పొగిడినా ప్రమాదమే, తిట్టినా ప్రమాదమే. ఫోను పక్కన పెట్టటం మేలని ఏ ఆటగాడైనా అనుకుంటే అది అతని ఇష్టం. కోచ్ సలహా చెప్పొచ్చు. కానీ సలహా వేరు, నిబంధన వేరు.

నిబంధనల చరిత్ర చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. ఒలింపిక్స్‌లో ఆటగాళ్ళు బ్లాగు రాసుకోవచ్చని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మొదటిసారి అనుమతించింది 2008 బీజింగ్ క్రీడలకి. సొంత డైరీలా రాసుకోవాలి, విలేకరి పని చెయ్యకూడదు అన్నారు. లండన్ నాటికి అదే ధోరణి సోషల్ మీడియాకి వచ్చింది: నేను, నాకు అంటూ రాసుకో, పోటీ జరిగే చోట తీసిన వీడియో పెట్టకు. వీడియో ఎందుకు వద్దు? ఆ బొమ్మల హక్కులు టీవీ కంపెనీలకి వందల కోట్ల డాలర్లకి అమ్ముకున్నారు గనక. ఇందులో ఏకాగ్రత ప్రసక్తి ఎక్కడుందో నాకు కనపడలేదు.

దీనికి తోడు నలభయ్యో నిబంధన అని ఒకటుంది. ఒలింపిక్స్ జరిగే రోజుల్లో ఆటగాడు తన పేరు గానీ, బొమ్మ గానీ, ఆట గానీ వాణిజ్య ప్రకటనలకి వాడనివ్వకూడదు. లండన్‌లో ఈ మూత 2012 జులై 18 నించి ఆగస్టు 15 దాకా. నాలుగేళ్ళూ బూట్లిచ్చి, విమాన టిక్కెట్లు కొనిచ్చిన చిన్న కంపెనీకి, సరిగ్గా లోకమంతా తనని చూసే ఆ నాలుగు వారాల్లో, ఆటగాడు ఒక్క ట్వీటుతో థాంక్స్ చెప్పటానికి వీల్లేదు. ఒలింపిక్ కమిటీకి డబ్బు కట్టిన పెద్ద కంపెనీలకి మాత్రం అడ్డు లేదు. అమెరికా పరుగుల రాణి సాన్యా రిచర్డ్స్-రాస్ లాంటివాళ్ళు లండన్‌లోనే, ఆ ట్విట్టర్లోనే, దీని మీద తిరగబడ్డారు. రియోకి కొంత సడలించారు. 2019 ఫిబ్రవరిలో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ గట్టిగా అడ్డం తిరిగాక ఒలింపిక్ కమిటీ మరో మెట్టు దిగొచ్చింది. ఇప్పుడు షరతులకి లోబడి, దేశానికో రకంగా, థాంక్స్ చెప్పుకోవచ్చు.

2024 పారిస్‌లో ఇంకో చిత్రం చూశాం. పతకాల వేదిక మీదికి ఆటగాళ్ళు సొంత ఫోను తీసుకెళ్ళకూడదు. కానీ స్పాన్సరు కంపెనీ శామ్‌సంగ్ వాళ్ళ ఫోను మాత్రం అక్కడే అందించి సెల్ఫీ దిగమన్నారు. ఆ సెల్ఫీల్లో ఒకటి, ఉత్తర కొరియా, దక్షిణ కొరియా టేబుల్ టెన్నిస్ జంటలు కలిసి దిగింది, ప్రపంచమంతా తిరిగింది. మంచి బొమ్మే, కాదనను. కాకపోతే ఫోను వల్ల వేదిక గౌరవం పోతుందనుకుంటే ఏ ఫోనైనా ఒకటే కదా! ఎవరి ఫోను అన్నదాన్ని బట్టి గౌరవం నిలబడుతోందన్న మాట.

ఈ లెక్కలో మన సింధుకి జరిగింది కూడా చెప్పాలి. 2021లో టోక్యోలో ఆమెకి కంచు పతకం రాగానే, ఆమెతో ఏ ఒప్పందమూ లేని కంపెనీలు బోలెడు ఆమె బొమ్మ వేసి, కింద తమ గుర్తు వేసుకుని, అభినందనలంటూ సోషల్ మీడియాలో పెట్టుకున్నాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ నోటీసులిస్తామనే దాకా వెళ్ళింది. పారిస్‌లో షూటర్ మను భాకర్‌కి రెండు పతకాలొచ్చినప్పుడూ అదే తంతు. అంటే ఆటగాళ్ళ నోటికి తాళం, వాళ్ళ మొహం మీద వ్యాపారానికి తలుపులు బార్లా. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, అలా ఉంది.

ఇది డబ్బు గొడవ. దీని కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది వేరే ఉంది. పోటీల మధ్యలో ఆటగాడికి అన్యాయం జరిగితే చెప్పుకునే చోటేది? మన దేశంలో సమాఖ్యల పెద్దలెవరో, వాళ్ళు ఆ కుర్చీల్లో ఎలా కూర్చున్నారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళకే ఇవ్వాలి.

2022 జులైలో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు మూడు రోజుల్లో మొదలవుతాయనగా లవ్లీనా బోర్గొహైన్ ట్విట్టర్లో ఒక లేఖ పెట్టింది. టోక్యోలో కంచు పతకం తెచ్చిన బాక్సర్ ఆమె. తన కోచ్ సంధ్యా గురుంగ్‌కి క్రీడాగ్రామంలోకి ప్రవేశం లేదనీ, కోచ్‌ని ఇలా ప్రతిసారీ తప్పిస్తుంటే మానసికంగా వేధించినట్టే ఉందనీ రాసింది. అంతకు ముందు ఆమె ఎవరికీ చెప్పుకోలేదనుకుంటున్నారా? మామూలు దారిలో కానిది, ఆ లేఖ దేశమంతా చదివిన మర్నాడే అయిపోయింది. కోచ్‌కి అనుమతి పత్రం వచ్చేసింది. లవ్లీనా ఆ క్రీడల్లో క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది. "చూశారా, ట్విట్టర్లో గొడవ చేస్తే ఇంతే" అన్నారు కొందరు. కోచ్ లేకుండా రోజుల తరబడి సాధన సాగక పోతే ఏమవుతుందో అన్నవాళ్ళు తక్కువ.

ఇంతకన్నా పెద్ద కథ బెలారస్ పరుగుల అమ్మాయి క్రిస్టినా సిమనౌస్కయాది. టోక్యోలో ఆమె పరుగెత్తాల్సింది రెండు వందల మీటర్లు. తమ జట్టులో కొందరికి సరిపడా డోపింగ్ పరీక్షలు జరక్కపోవటంతో ఖాళీ ఏర్పడి, అధికారులు ఆమెని అడక్కుండానే 4×400 మీటర్ల రిలేలో పేరు రాసేశారు. ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో కోచ్‌ల నిర్లక్ష్యాన్ని దులిపేసింది. ప్రభుత్వం మీద ఒక్క మాట లేదు, రాజకీయం లేదు. అంతే, బెలారస్ టీవీలో ఆమె మీద దాడి మొదలైంది. 2021 ఆగస్టు 1న, ఆమె పందెం ఇంకొక్క రోజుందనగా, సామాను సర్దుకోమని చెప్పి హనేడా విమానాశ్రయానికి తీసుకెళ్ళారు. దారిలో వాళ్ళ నాయనమ్మ ఫోను చేసింది, ఇంటికి రావద్దని. విమానాశ్రయంలో ఆ అమ్మాయి తన మాటలు ఫోనులో జపనీస్‌లోకి అనువాదం చేసుకుని అక్కడి పోలీసులకి చూపించి సాయం అడిగింది. పోలండ్ వీసా ఇచ్చింది. ఇద్దరు బెలారస్ కోచ్‌ల గుర్తింపుని ఒలింపిక్ కమిటీ రద్దు చేసింది. 2024లో పారిస్‌లో ఆమె పోలండ్ తరఫున పరుగెత్తింది.

ఇప్పుడు చెప్పండి, పోటీలయ్యేదాకా ఫోన్లన్నీ తీసుకుని అధికారుల గదిలో పెట్టి తాళం వెయ్యాలనేవారు ఈ అమ్మాయికి ఏం జవాబిస్తారు? ఆమె ఫోను ఎవరి గదిలో ఉండేది? నాయనమ్మ ఎవరికి ఫోను చేసేది?

ఆటగాళ్ళందరూ బుద్ధిమంతులేమీ కాదు. లండన్ క్రీడలకి ముందే గ్రీసు ట్రిపుల్ జంపర్ ఒకామె ఆఫ్రికా వలసదారుల మీద వెకిలి జోకు ట్వీటు చేసి జట్టులోంచి పోయింది. ఆ వారంలోనే స్విట్జర్లాండ్ ఫుట్‌బాలర్ ఒకడు కొరియా చేతిలో ఓడిన కోపంలో కొరియన్లని తిట్టి ఇంటికెళ్ళాడు. ఇద్దరికీ తగిన శాస్తే జరిగింది. జాతిని తిట్టినందుకు శిక్ష పడితే నాకే అభ్యంతరమూ లేదు. మన సింధు కూడా 2020 నవంబరులో "నేను రిటైరవుతున్నాను" అని పెద్దక్షరాలతో పెట్టి, కింద చదివితే కరోనా నాటి దిగులు నించి రిటైరవుతున్నానని తేల్చి, పొద్దున్నే అందరి గుండెలూ ఆపింది (మా ఇంట్లో కాఫీ చల్లారిపోయింది). కానీ ద్వేషం మాట్లాడితే శిక్షించటానికి పాత నియమాలు చాలు. దాని పేరు చెప్పి కోచ్ మీదా, తిండి మీదా, ప్రయాణపు ఏర్పాట్ల మీదా నోరెత్తకూడదనటం కుదరదు.

సరే, ఇక మన వైపుకొద్దాం. నిజానికి నాకు ఈ వ్యాసం రాయాలనిపించిందే ఇందుకు.

2021 అక్టోబరు 24న దుబాయిలో టి20 ప్రపంచకప్పులో పాకిస్తాన్ మన మీద పది వికెట్ల తేడాతో గెలిచింది. పది వికెట్లు! అంటే బంతి పట్టుకున్న ఏ ఒక్కడూ ఒక్కర్నీ అవుట్ చెయ్యలేకపోయాడు. కానీ తిట్లన్నీ మహమ్మద్ షమీ ఒక్కడికే పడ్డాయి, ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వారాంతానే కెప్టెన్ విరాట్ కోహ్లీ విలేకరుల ముందు కూర్చుని, మతాన్ని బట్టి మనిషి మీద దాడి చెయ్యటం కన్నా నీచం లేదన్నట్టు మాట్లాడాడు. దానికి ప్రతిఫలంగా ఏడాది కూడా నిండని అతని కూతురి మీద అత్యాచారం బెదిరింపు ఆన్‌లైన్‌లో వచ్చింది. ముంబాయి పోలీసులు వెతుక్కుంటూ వెళ్ళి అరెస్టు చేసింది హైదరాబాదు వైపు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఫిర్యాదు చేసినవారు ఒప్పుకోవటంతో 2023లో బొంబాయి హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ కుర్రాడి గురించి ఇంకేమీ అనను. కానీ ఆ వార్త వచ్చిన నాడు మన గ్రూపుల్లో ఎంత నిశ్శబ్దం! చదువు లేనివాళ్ళూ, పనీపాటా లేనివాళ్ళూ ఇలాంటివి రాస్తారని మనం చెప్పుకునే ఊరట ఆ రోజు పనికి రాలేదు.

హైదరాబాదు వాడే అయిన మహమ్మద్ సిరాజ్ సంగతి చూడండి. సరిగ్గా బౌలింగ్ పడని రోజున "వెళ్ళి మీ నాన్నతో ఆటో తోలుకో" అని రాసేవాళ్ళు. ఈ సంగతి తర్వాత అతనే చెప్పాడు. 2024 డిసెంబరులో గుకేశ్ చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడు. చంద్రబాబు గారు "మన తెలుగబ్బాయి" అని అభినందిస్తే, స్టాలిన్ గారు చెన్నై గొప్ప చెప్పారు. ఇక చూస్కోండి, రెండు రాష్ట్రాల జనం ఆ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పుట్టుపూర్వోత్తరాల మీద కొట్టుకున్నారు. ఎత్తులు వేసింది మాత్రం ఆ కుర్రాడు.

అమెరికాలో ఉన్న మనకి ఇంకో కొత్త జబ్బు కూడా అంటుకుంది. 2018లో న్యూజెర్సీ కేసులో సుప్రీం కోర్టు తీర్పిచ్చాక ఆటల మీద పందేలు ఒక్కొక్క రాష్ట్రంలోనూ చట్టబద్ధమైపోయాయి. ఇండియాలో తెలంగాణ 2017లోనూ, ఆంధ్ర 2020లోనూ ఆన్‌లైన్ పందేలని నిషేధిస్తే, ఇక్కడికొచ్చిన తెలుగు కుర్రాళ్ళు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోనులో దర్జాగా కాస్తున్నారు. డబ్బు పోయినవాడు ఎవర్ని తిడతాడు? ఆటగాణ్ణే. మహిళా టెన్నిస్ సంఘమూ అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యా కలిసి 2025లో లెక్క బయటపెట్టాయి: 2024లో 458 మంది ఆటగాళ్ళకి దాదాపు 8,000 బూతు సందేశాలు, వాటిలో సుమారు 40 శాతం పందెం ఓడినవాళ్ళ దగ్గర్నించి. అదే ఏడాది జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఒలింపిక్ విజేత గాబీ థామస్‌ని ట్రాక్ పక్కన నిలబడి వేధించినవాడొకడు, దానివల్లే తన పందెం గెలిచిందని సోషల్ మీడియాలో చెప్పుకున్నాడు. పందెం కంపెనీ అతన్ని వెలేసింది.

పారిస్‌లో ఒలింపిక్ కమిటీ ఆటగాళ్ళ ఖాతాల మీదికొచ్చే తిట్లని పట్టుకోవటానికి ఏఐ పెట్టింది. మంచి పనే. మన వృత్తివాళ్ళకి అందులో ఉన్న ఇబ్బంది విడమర్చి చెప్పక్కర్లేదు గానీ, ఒక్క ముక్క. మనవాళ్ళు తెలుగు తిట్టుని తెలుగు అక్షరాల్లో రాయరు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ఒక్కో తిట్టుకి పది స్పెల్లింగులు, మధ్యలో ఒక చుక్కా ఒక అంకే. దానికన్నా కష్టం, చెడ్డ మాటే లేని తిట్టు. "ఆటో తోలుకో" అన్నదాంట్లో ఏ యంత్రానికి ఏం దొరుకుతుంది? కులం పేరు తిట్టు కాదు, కానీ ఓడిన రోజున ఒకమ్మాయి బొమ్మ కింద ఆ పేరొక్కటే రాసి, పక్కన నవ్వే బొమ్మ పెడితే అదేమిటి? మన ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి క్షణంలో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో కూర్చుని జాబితాలు చేసేవాడికి తెలియదు. తెలుగు తెలిసినవాళ్ళు చెబితేనే ఆ యంత్రం నేర్చుకుంటుంది.

2028లో ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌కి వస్తున్నాయి. 1900 తర్వాత మళ్ళీ క్రికెట్ కూడా ఉంటుంది. మనవాళ్ళు జెండాలు పట్టుకుని విమానాలెక్కుతారు, పతకం తెచ్చినవాళ్ళని సంఘాలవాళ్ళు పోటీలు పడి సన్మానాలకి పిలుస్తారు, శాలువాలు కప్పుతారు. అవన్నీ చెయ్యండి. దానితో పాటు ఇప్పట్నించే రెండు పనులు చెయ్యొచ్చని నా ప్రతిపాదన. ఒకటి, ఇండియాలో ఆటగాళ్ళ చేత సంతకాలు పెట్టించుకునే ఒప్పందాల్లో సమాఖ్యని విమర్శించకూడదనే షరతు ఉంటే తీసెయ్యమనీ, పోటీల రోజుల్లో ఫిర్యాదు వినటానికి సమాఖ్యతో సంబంధం లేని మనిషిని జట్టుతో పంపమనీ క్రీడాశాఖకీ ఒలింపిక్ సంఘానికీ విజ్ఞప్తి పంపటం. మనలో చాలామందికి అక్కడి ఎంపీలతో పరిచయాలున్నాయి. పెళ్ళిళ్ళకి ఫొటోలు దిగటానికే కాక ఒకసారి దీనికి వాడండి.

రెండోది, పైన చెప్పిన ఆ తిట్ల పట్టిక. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు బూతులూ, కులం మతం పేరుతో చేసే వెక్కిరింతలూ, అవి ఏ సందర్భంలో తిట్టు అవుతాయో వివరమూ కలిపి, ఒలింపిక్ కమిటీ ఆటగాళ్ళ విభాగానికీ, సోషల్ మీడియా కంపెనీలకీ ఉచితంగా ఇవ్వాలి. ఆ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. నేనూ ఇద్దరు మిత్రులూ ఈ పని మొదలుపెట్టాం. గుంటూరు, కరీంనగరం, కడప ఒక్కో చోట ఒక్కో రకంగా తిడతారు గనక అన్ని జిల్లాలవాళ్ళూ కావాలి. శని ఆదివారాల్లో నాలుగేసి గంటలు చాలు. పిల్లలు నిద్రపోయాక కూర్చోవటం మేలు, ఆ పట్టిక బయటికి చదివేది కాదు.